కర్మాగారాల అత్యవసర పటాలు: ఊరి కూడలిలో పెట్టాలా, అధికారుల దగ్గరే ఉంచాలా?

గోపాలపట్నం వాసి:
ప్రమాదకర రసాయనాలు నిల్వచేసే కర్మాగారం చుట్టూ ఏ వీధికి ఎంత ముప్పు ఉందో, విషవాయువు వెలువడితే జనం ఎటు వెళ్లాలో చూపే పటాన్ని ఊళ్లో అందరికీ కనబడేలా పెట్టాలని నా అభిప్రాయం. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం ప్రహరీ లోపలి అత్యవసర ప్రణాళిక యాజమాన్యానిది, బయటి ప్రణాళిక జిల్లా యంత్రాంగానిది. చుట్టుపక్కల వారికి ప్రమాద స్వభావాన్ని, తీసుకోవలసిన జాగ్రత్తలను తెలియజెప్పే బాధ్యత కూడా యాజమాన్యానిదే. అయినా 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం ట్యాంకు నుంచి ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి వెలువడినప్పుడు, పక్కనే ఉన్న ఆర్.ఆర్. వెంకటాపురాన్ని హెచ్చరించే సైరన్ మోగలేదు. జనం చీకట్లో తోచిన దిక్కుకు పరుగెత్తి రోడ్ల మీదే స్పృహ తప్పి పడిపోయారు. 12 మంది ప్రాణాలు పోయాయి.

రిఫైనరీ ఉద్యోగి:
మీ ఆవేదన న్యాయమైనదే కానీ, నౌకాదళ స్థావరం, ఓడరేవు, చమురు శుద్ధి కర్మాగారం ఉన్న విశాఖలో ట్యాంకుల, వాల్వుల, పంపుల వివరాలను గోడకు అతికించడం విద్రోహులకు దారి చూపించినట్లే అవుతుంది. పైగా కొత్త ట్యాంకు కట్టినా, కల్వర్టు పనులకు రోడ్డు మూసినా పాత పటం జనాన్ని తప్పుదారి పట్టిస్తుంది.

విశ్రాంత అగ్నిమాపక ఉద్యోగి:
ఇద్దరూ ఒకే పటం గురించి మాట్లాడుతున్నారనుకోవడంతోనే చిక్కు వచ్చింది. మా సిబ్బందికి కావలసినది వేరు: ఏ గేటులోంచి ఫైరింజన్ లోపలికి తిరగగలదు, హైడ్రెంట్లు (ఫైరింజన్‌కు నీరందించే కొళాయిలు) ఎక్కడున్నాయి, మంటలార్పే ఫోమ్ (నురగ) ఎంత నిల్వ ఉంది, ఏ వాల్వు కట్టేస్తే లీకు ఆగుతుంది. 1997 సెప్టెంబరులో విశాఖ హెచ్‌పీసీఎల్ చమురు శుద్ధి కర్మాగారంలో గ్యాస్ లీకై మంటలు చెలరేగి 50 మందికి పైగా మరణించిన తరువాత ఈ వివరాల విలువ ఎవరికీ విడమరచి చెప్పనవసరం లేదు. ఇవి స్టేషనులోనూ కలెక్టరేటులోనూ ఉంటే చాలు. ఊరివాళ్లకు వాల్వుతో పనిలేదు. అయితే వాళ్ల పటంలో ఒకే బాణం గుర్తు వేయడం ప్రమాదకరం, ఎందుకంటే గాలి మారితే ఆ బాణమే జనాన్ని ఆవిరిలోకి నడిపిస్తుంది. స్టైరీన్ ఆవిరి గాలికంటే బరువైనది కనుక పల్లపు వీధుల్లో నిలుస్తుంది. అందుచేత వ్యతిరేక దిశల్లో, మెరక మీద, కనీసం రెండు చేరుకునే చోట్లు చూపాలి. గాలి ఎటు వీస్తోందో తెలిపే గుడ్డగొట్టం ప్రహరీ బయటినుంచి కూడా కనబడాలి.

గోపాలపట్నం వాసి:
ఆ విభజనకు నేను ఒప్పుకుంటాను. ట్యాంకుల రహస్యం సంగతికి వస్తే, ఉపగ్రహ చిత్రాల్లో అవి ఫోనులోనే కనబడుతున్నాయి; తెలియనిదల్లా మేము వెళ్లవలసిన దారి. పటం పాతబడుతుందన్న అభ్యంతరానికి జవాబు ఆ నిబంధనల్లోనే ఉంది: బయటి ప్రణాళికకు ఏటా ఒకసారైనా రిహార్సల్ జరపాలి. ఆ రోజున ఊరివాళ్లనూ నడిపించి, మూసిన రోడ్లు సరిచూసి, పటం మీద కొత్త తేదీ, సంతకం వేస్తే సరిపోతుంది.

రిఫైనరీ ఉద్యోగి:
రిహార్సల్‌కు ఊరివాళ్లను పిలవడం వరకు నాకూ సమ్మతమే. రాత్రిపూట సైరన్ మోగించే అధికారం షిఫ్టు ఇన్‌చార్జికి ఉందా, పై అధికారి అనుమతి కోసం ఆగాలా అన్నది కూడా అందులోనే తేల్చాలి.