ఉప్పు కప్పురంబు: రెండో పాదంలో జాడనా, తీరా?

బుగ్గవంక: ఎమ్మెస్సీ పిల్లోల్లకు యాంటీబాడీల పాఠం స్లైడ్లు చేస్తా ఉన్నా, మొదట్లో వేమన పద్యం పెడదామంటే రెండో పాదం దగ్గర ఆగిపోయినా. "చూడ చూడ రుచుల ... వేరు", మధ్యలో జాడనా, తీరా? రెండూ నోటికి వస్తాండాయి. సందర్భం ఏమంటే మన ఒంట్లో ఐజీజీలు (రక్తంలో ఎక్కువగా ఉండే యాంటీబాడీలు) నాలుగు రకాలు, కింది స్థిరభాగం (ఏ క్రిమిని పట్టేదైనా మారని భాగం) 90 శాతం పైగా ఒకటే, పని మాత్రం దేనిది దానిదే.

కొండారెడ్డి బురుజు: జాడే. తీరు పెడితే ప్రాసయతి (యతి బదులు రెండో అక్షరం కలపడం) పోతుంది. ఒకటో పాదంలో ఉ-ఒ యతి సరిపోయింది, రెండోదాన్లో చూ-జా అచ్చులు కలవవు, డకారమే దిక్కు. అయినా "చూడ చూడ" ఏంది మేడం, "చూడఁ జూడ" గదా. చూడన్ ద్రుతాంతం (నకారంతో ముగిసేది), పక్కనున్న పరుషం (చ) సరళం (జ) కావాల్సిందే.

గుత్తి కోట: జూ అని వేమన అన్నాడా, పండితులు దిద్దినారా? మా అవ్వ బడి మొహం చూడలేదు, చూడ చూడ అనే చెప్పేది.

పెన్న ఒడ్డు: మీరు చూ, జూ కాడనే కొట్టుకోండి. మనం రుచి "చూస్తాం" గదా, కంటితోనా? కంటికి ఒకటే, నాలిక మీద ఏసుకుంటే తెలుస్తాది అని నా లెక్క. "పరీక్షగా చూడగా చూడగా" అని అర్థం చెప్పేటోళ్లంతా ఈ సంగతి వదిలేసినారు.

గుత్తి కోట: అట్లయితే మేడం స్లైడుకు దెబ్బే, ఆకారం చూసి పని చెప్పలేం అని వస్తాది.

బుగ్గవంక: దెబ్బేం కాదన్నా, నాకు కావాల్సింది అదే. యాంటిజెన్‌ను (యాంటీబాడీ పట్టుకునే బయటి పదార్థాన్ని) పట్టే కొస అట్లే పెట్టి, కింద ఒకసారి ఐజీజీ1 ది ఇంకోసారి ఐజీజీ3 ది అతికించి పని కొలుస్తారు, అప్పుడు వచ్చిన తేడా కింది భాగందే అని తేలుతుంది. ఐజీజీ3 కి మధ్య కీలు బాగా బారు, 62 అమైనో ఆమ్లాలు, ఐజీజీ1 కి 15. రక్తంలో మూడోది మామూలుగా వారానికే సగమైపోతే ఒకటోది మూడు వారాలు నిలుస్తాది. ఆకారం చూసినోల్లు ఆ బారు కీలు వల్లే అనుకోరా? ఐజీజీ3 లో 435వ చోట ఆర్జినీన్ అనే అమైనో ఆమ్లం తీసి హిస్టిడిన్ పెట్టి చూసినారు, కీలు ఎట్లుండేది అట్లే ఉంది, ఆయుష్షు మాత్రం ఒకటోదానికి సాటి వచ్చేసింది! కణాలు లోపలికి మింగిన యాంటీబాడీని మళ్లీ రక్తంలోకి వదిలిపెట్టే రిసెప్టర్ ఒకటి ఉంది, ఆ రిసెప్టర్ పట్టుకునే చోటే ఈ 435.

కొండారెడ్డి బురుజు: ఒక్కటి మారిస్తే అంత తేడా అని మీరే అంటాన్నారు, నా జూ కి మాత్రం విలువ ల్యాదు.

గుత్తి కోట: బ్రౌన్ దొర 1829లో అచ్చేసిన దాన్లో ఏముందో కడపోల్లు చూసి చెప్పండి, ఆయన పేరు మీద లైబ్రరీ మీ ఊర్లోనే ఉండాది.

పెన్న ఒడ్డు: చూస్తాంలే. బ్రౌన్ మావాడే, ఆ లెక్కన వేమన్న గూడా మావాడే.

గుత్తి కోట: సమాధి కటారుపల్లిలో పెట్టుకోని కడపోడు ఎట్లయితాడు సామీ? కదిరి పక్క, మా అనంతపురం.

పెన్న ఒడ్డు: ఇప్పుడది సత్యసాయి జిల్లా అన్నా.

బుగ్గవంక: జిల్లాలు తర్వాత పంచుకుందురు గానీ, రుచి చూడటం అనే అర్థమే స్లైడులో రాస్తా. సార్ చెప్పిన అరసున్న నా ఫాంటులో డబ్బాగా పడతాంది, దాన్ని తీసేస్తా.

కొండారెడ్డి బురుజు: ఫాంటు మార్చుకోండి మేడం, తీసేయడమేంది. ఇంతకీ "కప్పురంబు నొక్క"లో ఆ నకారం యాడ నుంచి వచ్చిందో ఒక్కరూ అడగలేదే?