కోరింగ బురదలో దొరికిన బ్యాక్టీరియా కొత్త జాతేనా?

ప్రశ్న (పరిశోధక విద్యార్థి):
కోరింగ మడ అడవుల అంచున, ఆటు సమయంలో తీసిన నల్లటి బురదను పలుచన చేసి, సముద్రపు బ్యాక్టీరియాను పెంచే జోబెల్ మెరైన్ అగార్ ప్లేట్ల మీద పరిచాను. ఆరో రోజున ఆవగింజలో సగమంత ఉన్న లేత నారింజ రంగు కాలనీ కనిపించింది. దాన్ని ఒకే రకం మిగిలేలా రెండుసార్లు కొత్త ప్లేటు మీద గీతలుగా గీసి (స్ట్రీక్ చేసి), బ్యాక్టీరియాను గుర్తించడానికి వాడే 16ఎస్ జన్యువులోని బేసుల (డీఎన్‌ఏ అక్షరాల) వరుసను చదివించగా (సీక్వెన్స్ చేయించగా), తెలిసిన సీక్వెన్స్‌లతో పోల్చే బ్లాస్ట్‌లో అత్యధిక పోలిక 97.9 శాతం వచ్చింది. 98.7 కన్నా తక్కువైతే కొత్త జాతి అంటారు కదా, ఇక పేరు పెట్టి పత్రం రాయవచ్చునా? సీక్వెన్స్ పొడవు 720 బేసులు.

మొదటి జవాబు:
మీరు చివరన చెప్పిన సంఖ్యే ఇక్కడ కీలకం. ఆ జన్యువు పొడవు సుమారు 1,500 బేసులు. అందులో మారే భాగాలు, మారని భాగాలు సమంగా పరచుకొని ఉండవు కనుక సగం చదివి లెక్కగట్టిన శాతం ఎటైనా జరగవచ్చు. 27ఎఫ్, 1492ఆర్ ప్రైమర్లతో (చదవడం మొదలయ్యే చోటును పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలతో) రెండు వైపుల నుంచీ చదివించి, ఈజెడ్‌బయోక్లౌడ్‌లో (బ్యాక్టీరియా సీక్వెన్స్‌ల డేటాబేస్) టైప్ స్ట్రెయిన్లతో, అంటే ఒక్కో జాతికి ప్రమాణంగా ఉంచిన నమూనాలతో, మాత్రమే పోల్చండి. అంతకన్నా ముందు క్రోమాటోగ్రామ్ (సీక్వెన్సింగ్ యంత్రం ఒక్కో బేసుకు ఒక శిఖరంగా గీసిన గ్రాఫు) తెరిచి, ఒకే చోట జంట శిఖరాలు ఉన్నాయేమో చూడండి; ఉంటే రెండు రకాల బ్యాక్టీరియా కలిసి ఉండవచ్చు.

రెండో జవాబు:
పూర్తి సీక్వెన్స్‌లోనూ 98.7 కన్నా తక్కువే వస్తే కొత్తదనే ఆశ బలపడుతుంది. అయితే ఎక్కువ వచ్చినంత మాత్రాన పాతదని అనుకోకూడదు; విబ్రియో అనే బ్యాక్టీరియాలలో 99 శాతం దాటిన పోలిక ఉన్నా వేర్వేరు జాతులైనవి ఉన్నాయి. తేల్చేది జీనోమే (మొత్తం డీఎన్‌ఏయే). దగ్గరి టైప్ స్ట్రెయిన్లన్నింటితోనూ ఏఎన్‌ఐ (రెండు జీనోమ్‌ల సగటు పోలిక) 95–96 శాతం కన్నా, డిజిటల్ డీఎన్‌ఏ హైబ్రిడైజేషన్ (జీనోమ్‌ల పోలికను కంప్యూటర్‌లో లెక్కగట్టే మరో కొలమానం) 70 శాతం కన్నా తక్కువ ఉండాలి. జాతి వర్ణన కోసం కొలిచే కణాల కొవ్వు ఆమ్లాలు, పెంచే మాధ్యమాన్ని, ఉష్ణోగ్రతను బట్టి మారిపోతాయి కనుక, పోల్చే స్ట్రెయిన్లను తెప్పించి మీ దానితో పాటు ఒకే తీరుగా పెంచి పరీక్షించాలి. వాటిని తెప్పించుకోవడానికే నాకు ఐదు నెలలు పట్టింది.

మూడో జవాబు:
పేరు చెల్లుబాటు కావాలంటే టైప్ స్ట్రెయిన్‌ను రెండు వేర్వేరు దేశాల కల్చర్ కలెక్షన్లలో (సూక్ష్మజీవులను భద్రపరిచే కేంద్రాల్లో) జమచేయాలి. ఒకటి పుణెలో జమచేసినా, రెండోది జర్మనీకో జపాన్‌కో పంపాలి కాబట్టి జీవ వనరులను దేశం బయటికి పంపడాన్ని నియంత్రించే 2002 నాటి జీవవైవిధ్య చట్టం సంగతి మీ గైడుతో ఇప్పుడే మాట్లాడుకోండి. పేరు విషయంలో ఒక ముచ్చట: మన తీరం పేర్లు ఇదివరకే ఎక్కాయి. థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్‌లో చివర 'ఎన్సిస్', రోడోవ్యూలమ్ విశాఖపట్నమెన్సేలో 'ఎన్సే' ఉన్నాయంటే, లాటిన్‌లో మొదటిదానిలో ప్రజాతి పేరు (జంట పేరులో ముందు పదం) పుంలింగం, రెండోదానిలో నపుంసక లింగం. ప్రజాతి తేలకుండా పేరు చివర కూడా తేలదు.

ప్రశ్న అడిగినవారు:
క్రోమాటోగ్రామ్ తెరిచాను. 310వ బేసు నుంచి జంట శిఖరాలే. గ్రామ్ స్టెయిన్ (బ్యాక్టీరియాకు పట్టించే రంగు) వేసి మైక్రోస్కోపులో చూడగా కడ్డీల నడుమ గుండ్రటివి కూడా ఉన్నాయి. ఈ రోజు మళ్లీ స్ట్రీక్ చేశాను.