అణువులోంచి ఎలక్ట్రాన్ బయటకొచ్చే ఆలస్యం: ఆ ఒక్క అంకె దేనిది?

అందరికీ నమస్తే. హనుమకొండలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. 2023 నోబెల్ వచ్చిన అటోసెకండ్ (సెకండులో వంద కోట్ల వంతులో మళ్లీ వంద కోట్ల వంతు) కాంతి మీద ఇష్టంగా సెమినార్ టాపిక్ తీసుకున్నాను, వచ్చే వారమే చెప్పాలి, ఒక్క చోట ఆగిపోయి టెన్షన్‌గా ఉంది.

నాకు అర్థమైంది చెప్తాను, తప్పుంటే దిద్దండి. తీవ్ర అతినీలలోహిత అటోసెకండ్ పల్స్‌ల వరుస, ఇన్‌ఫ్రారెడ్ లేజర్ రెండూ గ్యాస్ మీద పడి ఎలక్ట్రాన్లు బయటకొస్తాయి, వాటి మధ్య ఎడాన్ని కొంచెం కొంచెంగా మారుస్తూ పోతే సైడ్‌బ్యాండ్‌లో (ఒక ఇన్‌ఫ్రారెడ్ ఫోటాన్ కలవడం వల్లో పోవడం వల్లో ఎలక్ట్రాన్ శక్తిలో పక్కన వచ్చే శిఖరంలో) ఎలక్ట్రాన్ల సంఖ్య పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, 800 నానోమీటర్ల లేజర్ అయితే దాదాపు 1.33 ఫెమ్టోసెకండ్లకోసారి (ఒక ఫెమ్టోసెకండ్ అంటే వెయ్యి అటోసెకండ్లు). రెండు ఆర్బిటాల్స్‌కి (అంటే ఎలక్ట్రాన్లు ముందు ఉన్న స్థితులకి) ఆ హెచ్చుతగ్గుల ఫేజ్ తేడా, అంటే ఒకదానికంటే ఇంకొకటి ఎంత వెనకబడిందో చూసి ఆలస్యం తేడా లెక్కకడతారు. నియాన్‌లో 2ఎస్, 2పి ఎలక్ట్రాన్ల మధ్య 21 అటోసెకండ్లని 2010లో వేరే పద్ధతిలో, అంటే స్ట్రీకింగ్‌తో (బయటకొచ్చిన ఎలక్ట్రాన్ వేగాన్ని లేజర్ ఎంత మార్చిందో చూసి సమయం తెలుసుకునే పద్ధతితో) కొలిచారు. ఇక్కడిదాకా ఓకే.

నా చిక్కంతా అణువులతోనే. నియాన్ పరమాణువు ఎటు తిప్పినా ఒకటే. నైట్రస్ ఆక్సైడ్ అలా కాదు కదా, పొడుగ్గా ఉంటుంది, పైగా గ్యాస్‌లో ఒక్కో అణువు ఒక్కో దిక్కుకు తిరిగి ఉంటుంది. మరి చివర్లో వచ్చే ఆ ఒక్క అంకె దేని ఆలస్యం? అన్ని దిక్కుల ఆలస్యాల సగటా, లేక సిగ్నల్స్ అన్నీ కలిసిపోయాక మిగిలిన ఫేజా? ఈ రెండూ ఒకటి కావనే అనిపిస్తోంది. నిన్న కాజీపేట వచ్చే రైల్లో దారంతా ఇదే ఆలోచన.

ఇంకోటి, ఇన్‌ఫ్రారెడ్ ఫోటాన్ వల్ల కలిసే అదనపు ఆలస్యాన్ని హైడ్రోజన్ పరమాణువు సూత్రంతో తీసేస్తే అణువుకీ సరిపోతుందా? నెమ్మదిగా వెళ్లే ఎలక్ట్రాన్ల దగ్గర కూడానా?

ఈ పని చేసిన అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. సమీకరణాలతో చెప్పినా పర్లేదు, కూర్చుని చదువుకుంటాను.