మూడేళ్లుగా వాయిదా పడుతున్న ఒడియా అక్షరాలు: అలవాటు నిలిచే మార్గం చెప్పండి

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

నా పుట్టిల్లు పలాస. పెళ్లై పర్లాకిమిడి వచ్చి ఎనిమిదేళ్లయింది. ఒడియా మాట్లాడడం ఇరుగుపొరుగు వారి దగ్గర నేర్చుకున్నాను గానీ, చదవడం, రాయడం ఇప్పటికీ రాదు. మా అమ్మాయి ఒడియా బడిలో రెండో తరగతి చదువుతోంది. తను హోంవర్కు పుస్తకం తెచ్చి ముందు పెట్టినప్పుడల్లా “నాన్న వచ్చాక చూస్తారులే” అని పంపించేస్తున్నాను. యూట్యూబులో వ్యక్తిత్వ వికాస ప్రసంగాలు విని, తెల్లవారుజామున ఐదింటికి లేచి ఇరవై ఒక్క రోజులు గంటసేపు అక్షరాలు దిద్దాలని రెండుసార్లు నియమం పెట్టుకున్నాను. మొదటిసారి తొమ్మిదో రోజున తప్పింది; రెండోసారి రథయాత్రకు చుట్టాలు రావడంతో ఆగిపోయింది. ఒక్కరోజు తప్పినా మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టాలని విన్నందువల్ల, ఆ తర్వాత పలక ముట్టుకోబుద్ధి కాలేదు. ఇది నా బద్ధకమేనా? ఆ సలహాలలో నిజంగా పనికొచ్చేవి ఏవో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

సమాధానం (బరంపురం, విశ్రాంత ఉపాధ్యాయుడు)

అమ్మా, ముందు ఆ ఇరవై ఒక్క రోజుల లెక్క వదిలెయ్యండి. శస్త్రచికిత్సతో మారిన ముఖానికి రోగులు అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతోందని మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాశారు. ఆ మాట నోటినోటా తిరుగుతూ, “కనీసం” అన్నది ఎక్కడో జారిపోయి, ఏ అలవాటుకైనా అదే గడువన్నట్టు స్థిరపడింది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక పని ప్రయత్నం లేకుండా జరిగిపోయే దశకు రావడానికి పట్టే కాలం మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల వరకు ఉండొచ్చని అంచనా కట్టారు. మధ్యస్థంగా చూస్తే 66 రోజులు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడే క్రమం దెబ్బతినలేదని కూడా వారు గమనించారు. తొమ్మిదో రోజున మీరు పోగొట్టుకున్నది ఆ ఒక్క రోజునే.

బద్ధకమా అని అడిగారు. కాదనే నా నమ్మకం. నోటుపుస్తకం చూపించకుండా దాచుకునే పిల్లలను నా ఉద్యోగకాలమంతా చూశాను. వారిలో చాలామందిది భయం. కెనడాలో మొదటి సంవత్సరం విద్యార్థులపై జరిగి, 2010లోనే వెలువడిన మరో అధ్యయనంలో, మొదటి పరీక్షకు చదవకుండా వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకోగలిగిన వారు తర్వాతి పరీక్షకు అంతగా వాయిదా వెయ్యలేదు. అందుచేత గడిచిన మూడేళ్లను తవ్వుకోకండి.

సమాధానం (గుణుపురం)

అక్కా, నేనూ కోడలిగా వచ్చి ఇక్కడే ఒడియా నేర్చుకున్నదాన్ని. “రోజూ చదవాలి” అనుకున్నంతకాలం నాకు ఒక్క అక్షరం రాలేదు. ఎప్పుడు, ఎక్కడ, ఏ పని తర్వాత అన్నది ముందే తేల్చుకుంటే సంకల్పం నెరవేరే అవకాశం పెరుగుతుందని పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధనలు చెబుతున్నాయి. నా విషయంలో అది పొయ్యి దగ్గర జరిగింది. అన్నానికి ఎసరు పెట్టి, అది మరిగేలోపు గట్టు మీది పలక అందుకుని ఒకే ఒక్క అక్షరం దిద్దేదాన్ని. పలక బియ్యం డబ్బా మీదే ఉండేది. లోపలి గదిలో పెడితే వెళ్లి తెచ్చుకోవడానికే మనసు రాదు. ఒడియాలో ఉ, భ ఒకేలా కనిపించి వారం రోజులు తికమకపడ్డాను, అయినా ఎసరు మరగడం మానదు కదా, పలకా ఆగలేదు.

సమాధానం (రాయగడ)

ఐదింటికి లేవడాన్ని నేను పూర్తిగా కాదనను. పోటీ పరీక్షకు చదివేటప్పుడు నాకు ఆ సమయమే పనికొచ్చింది. కానీ రాత్రి పదకొండు దాకా ఇంటిపని చేసే మనిషికి ఆ సలహా ఇవ్వడం అన్యాయం.

మరొక్క మాట. మీ ఊళ్లోనే ఉపాధ్యాయులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు తెలుగు వచ్చిన సవర గిరిజనుడొకరిని ఇంట్లో ఉంచుకుని ఆయన దగ్గర సవర భాష నేర్చుకున్నారు. దశాబ్దాల ఆ శ్రమ నుంచే 1931లో సవర భాషా వివరణ గ్రంథం, 1938లో నిఘంటువు వెలువడ్డాయి. మీకు నేర్పగలిగిన గురువు మీ ఇంట్లోనే రెండో తరగతి చదువుతోంది. హోంవర్కు తెచ్చినప్పుడు పంపించెయ్యకుండా, “ఈ అక్షరం నాకు నేర్పు” అని అడిగి చూడండి.

ప్రశ్న అడిగినవారు (పదహారు రోజుల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. పలక ఇప్పుడు పొయ్యి గట్టు మీద ఉంది. ఈ పదహారు రోజులలో మూడు రోజులు తప్పాయి, మర్నాడు మళ్లీ పట్టుకున్నాను. అమ్మాయికి నాకు రాదన్న సంగతి చెప్పడానికే చాలా సిగ్గుపడ్డాను గానీ, తను ఆశ్చర్యపోలేదు. పక్కన కూర్చుని నా వేలు పట్టుకుని భ దిద్దించింది. నిన్న నేను రాసిన ఉ చూసి, “అమ్మా, ఇది భ అయిపోయింది” అని చెరిపేసి మళ్లీ రాయమంది.