షార్ట్ ఫిల్మ్‌ని రీమిక్స్‌కి వదలాలంటే ఏమేం ఇవ్వాలి?

కట్‌పాయింట్:
బెంగళూరులో తీసిన 12 నిమిషాల తెలుగు షార్ట్ ఫిల్మ్. ఎవరైనా మళ్లీ కట్ చేసుకునేలా, కన్నడలోకి డబ్ చేసుకునేలా వదలాలని ఆలోచన. ఎడిట్ డావిన్సీ రిజాల్వ్ సాఫ్ట్‌వేర్‌లో, మ్యూజిక్ యూట్యూబ్ ఆడియో లైబ్రరీ నుంచి. అప్‌లోడ్ చేసేటప్పుడు క్రియేటివ్ కామన్స్ (అందరికీ ముందే అనుమతి ఇచ్చేసే లైసెన్సు, సీసీ) ఎంచుకుంటే చాలా?

రీల్‌డబ్బా:
చాలదండీ. సీసీ లైసెన్సుల్లో యూట్యూబ్‌లో ఉన్నది సీసీ బై (పేరు చెప్పి వాడుకోవచ్చు) ఒక్కటే, జనానికి అందేది కంప్రెస్ అయిన వీడియో. ఎన్‌డీ (మార్చినది పంచకూడదనే షరతు) జోలికి పోకండి. డబ్బింగ్ కూడా మార్పు కిందకే వస్తుంది, చేసినవాళ్లు బయట పెట్టలేరు. ఎన్‌సీ (వ్యాపారానికి వాడకూడదనే షరతు) పెడితే యాడ్స్ వచ్చే ఛానెళ్లు ముట్టుకోవు. రీమిక్స్ కూడా అందరికీ తెరిచే ఉండాలంటే సీసీ బై-ఎస్‌ఏ 4.0. ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు, ముందే తేల్చుకోండి.

అసలు చిక్కు మ్యూజిక్‌తోనే. ఆడియో లైబ్రరీ సొంత లైసెన్సు ఉన్న ట్రాక్‌ని వీడియో నుంచి విడదీసి పంచకూడదు. రీమిక్స్‌కి మ్యూజిక్ విడిగా ఇవ్వడమంటే అదే కదా! అక్కడే సీసీ బై ట్రాకులూ ఉంటాయి, వాటికి మారండి.

కథ, మ్యూజిక్ ఇచ్చినవాళ్లతో కాగితం తప్పనిసరి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం వాళ్లిచ్చే హక్కుకి గడువు రాయకపోతే 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. సీసీ మాత్రం ప్రపంచమంతటికీ, కాపీరైట్ ఉన్నన్నాళ్లూ. రెండూ రాయించుకోండి.

మిక్సర్_మామ:
ఫైళ్ల సంగతి. డైలాగ్, మ్యూజిక్, ఎఫెక్ట్స్ మూడు వేవ్ ఫైళ్లు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. మూడూ ఒకే ఫ్రేమ్ దగ్గర మొదలై ఒకే నిడివి ఉండాలి, లేకపోతే లిప్ సింక్ పోతుంది. టైటిల్స్ లేని వీడియో ఒకటి: ప్రోరెస్ 422 (ఎడిటింగ్‌కి వాడే వీడియో ఫార్మాట్), 1080పీ, సెకనుకి 24 ఫ్రేములైతే దాదాపు 10.5 జీబీ. రిజాల్వ్‌లో మామూలు ఎక్స్‌పోర్ట్‌లో మీడియా రాదు, ప్రాజెక్ట్ ఆర్కైవ్ చేయాలి. వేరే సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఎక్స్‌ఎంఎల్ (కట్‌ల వివరాలుండే ఫైలు) కూడా. టైటిల్స్‌కి మండలి, రామభద్ర లాంటి ఓపెన్ ఫాంట్లు వాడి, ఫైలు జతచేయండి. అన్నీ ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org) సైట్‌లో పెట్టొచ్చు.

కట్‌పాయింట్:
మారతహళ్లి బ్రిడ్జి కింద సీన్‌లో డైలాగ్ మ్యూట్ చేస్తే ట్రాఫిక్ చప్పుడు కూడా పోతోందే?

మిక్సర్_మామ:
రెండూ ఒకే మైకులో పడ్డాయి మరి. మాటల మధ్య ఖాళీల్లోంచి ఏరితే అతుకుల దగ్గర హారన్లు తెగుతాయి. అదే చోట, అదే టైంకి వెళ్లి 2 నిమిషాలు ఉత్త ట్రాఫిక్ రికార్డ్ చేసి, ఎఫెక్ట్స్ ట్రాక్‌లో సీన్ పొడవునా పరచండి.