రిసెర్చ్ వదిలేసి కంపెనీకి వెళ్తే చదివిందంతా బూడిదలో పోసిన పన్నీరేనా?

రెండో పోస్ట్‌డాక్:
పీహెచ్‌డీ అయి ఐదేళ్లు. ఇది రెండో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం), కాంట్రాక్టు ఇంకో ఎనిమిది నెలలే ఉంది. ప్రొటీన్ల మీద పని. ఒక మందుల కంపెనీ నుంచి ఆఫర్ లెటర్ వచ్చింది, డేటా విశ్లేషణ ఉద్యోగం. రెండు వారాల్లో ఏ సంగతీ చెప్పాలి. మా గైడుకి చెప్తే ఆయన కోప్పడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ "నీ మీద చాలా ఆశలు పెట్టుకున్నాను" అన్నారు, అంతే. తిట్టినా బాగుండేది. ఒక పేపరు రివ్యూలో ఉంది. అది పడితే అధ్యాపక పోస్టు దొరుకుతుందేమోనని ఒక మనసు, ఇదే మాట మూడేళ్లుగా అనుకుంటున్నావు కదా అని ఇంకో మనసు. వెళ్లిపోవడం తప్పా?

మొండిఘటం:
తప్పే. తిట్టుకోండి, ఫర్వాలేదు. కంపెనీలో మీ ప్రశ్నను మీరు ఎంచుకోలేరు, ఎవరో ఎంచి చేతిలో పెడతారు. శాస్త్రవేత్త కాటలిన్ కరికోని చూడండి. ఎంఆర్‌ఎన్‌ఏ (తర్వాత కొన్ని కోవిడ్ టీకాల్లో వాడింది) మీద పనికి గ్రాంట్లు రాక, 1995లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో హోదా కూడా తగ్గించారు. అయినా పట్టు వదల్లేదు. 2023లో నోబెల్. ఆమె కూడా మీలాగే ఆఫర్ లెటర్ చూసి ఊగిపోయి ఉంటే?

పాత బీకరు:
ఆవిడ కూడా వెళ్లారు కదండీ! 2013లో బయోఎన్‌టెక్ అనే జర్మన్ కంపెనీలో చేరారు. అసలు మలుపు తిప్పిన 2005 నాటి పేపరు విశ్వవిద్యాలయంలో ఉండగా రాసిందే, కాదనను. కానీ ఆవిడ వదిలింది సంస్థని, ప్రశ్నని కాదు. మనం ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తాం.

అయినా గెలిచినవాళ్ల పేర్లేనా చెప్పుకునేది? డగ్లస్ ప్రాషర్ అని ఒకాయన. జెల్లీఫిష్‌లో మెరిసే ఆకుపచ్చ ప్రొటీన్ ఉంది చూశారూ, దాని జీన్‌ని క్లోన్ చేసి 1992లో పేపరు వేశారు. పని ముందుకు తీసుకెళ్లడానికి గ్రాంటు దొరకలేదు. అడిగిన ఇద్దరికి, మార్టిన్ చాల్ఫీకీ రోజర్ సియెన్‌కీ, జీన్ ఇచ్చేసి తను పక్కకు తప్పుకున్నారు. 2008లో ఆ ప్రొటీన్‌కే కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది, తీసుకున్న ముగ్గురిలో వాళ్లిద్దరూ ఉన్నారు. ఆ రోజుకి ప్రాషర్ అలబామాలో ఒక కార్ల డీలరు దగ్గర కస్టమర్లను దిగబెట్టే వ్యాను నడుపుతున్నారు. తర్వాత సియెన్ ల్యాబులోనే మళ్లీ పనికి చేరారనుకోండి. పట్టు వదలకపోతే నోబెల్ అనే కథ, నోబెల్ వచ్చాకే రాస్తారు.

లెక్కల పిచ్చోడు:
బ్రిటన్‌లో రాయల్ సొసైటీ 2010లో ఒక నివేదిక వేసింది. దాని ప్రకారం అక్కడ సైన్స్ పీహెచ్‌డీ చేసిన వెయ్యిమందిలో విశ్వవిద్యాలయంలో పర్మనెంటు పరిశోధకులుగా నిలిచేది దాదాపు 35 మంది. ప్రొఫెసరయ్యేది ఐదుగురు కూడా కాదు. మిగిలినవాళ్లంతా తప్పు చేసినట్టేనా మొండిఘటం గారూ?

మొండిఘటం:
ఒక దేశం లెక్క, అదీ పాతది. అంకెలు చూసుకునే రంగంలోకి దిగామా మనం? సరే, ఇంకోటి వినండి. స్టాటిస్టిక్స్‌లో సగటులను పోల్చడానికి వాడే టీ-టెస్ట్ కనిపెట్టిన గాసెట్, గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి. కంపెనీ సొంత పేరు వేసుకోనివ్వలేదు. అందుకే 1908లో ఆ పేపరు 'స్టూడెంట్' అన్న పేరుతో వచ్చింది. కంపెనీలో జరిగేది ఇదీ.

పాత బీకరు:
బీరు కంపెనీలో కూర్చుని టీ-టెస్ట్ కనిపెట్టొచ్చని మీరే నిరూపించారు. థాంక్స్.

అవతలి కుర్చీ:
నేను గైడుని. అందుకే ఈ మాట చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది. పోయినేడు మా పోస్ట్‌డాక్ వెళ్లిపోతానంది. నాకు మొదట తట్టింది ఆ అమ్మాయి భవిష్యత్తు కాదు. ఆ మైక్రోస్కోపు ఇంకెవరికీ సరిగా రాదే, గ్రాంటు రిపోర్టు ఎవరు రాస్తారు, అని టెన్షన్. పైకి మాత్రం "నీకు మంచి టాలెంట్ ఉందమ్మా, పాడుచేసుకోకు" అన్నాను. మీ గైడు ఆశల్లో కూడా కొంత ఇదే ఉండొచ్చు. ఆయన చెడ్డవారని కాదు.

ఒక్క సలహా. వెళ్లేలోపు ఏ పేపర్లో మీ పేరు ఎన్నోది అన్నది ఈమెయిల్లో రాయించుకోండి. మనిషి కళ్లెదుట లేకపోతే పేరు వెనక్కి జరుగుతూ ఉంటుంది, నేను చూశాను. ఇంకో సంగతి, తిరిగి రావడం తేలిక కాదు. రెండేళ్లు పేపర్లు లేకపోతే సెలక్షన్ కమిటీ ముందు అదే అడుగుతుంది.

వెళ్లినావిడ:
నేను వెళ్లి నాలుగేళ్లు. ఎక్కువ గుర్తున్నది ఆఖరి వారం. మైనస్ ఎనభై ఫ్రీజర్లో నా పెట్టెలు ఖాళీ చేస్తుంటే, ట్యూబుల మీద నా చేతిరాతే సగం నాకు అర్థం కాలేదు. "కొత్తది", "కొత్తది 2", "ఇదే వాడు". ఏది వాడాలో దేవుడికెరుక. చేతులు మొద్దుబారేదాకా అక్కడే నిలబడ్డాను.

కంపెనీలో చేరాక ఎనిమిది నెలలు చేసిన ప్రాజెక్టుని ఒక మంగళవారం మీటింగులో పావుగంటలో ఆపేశారు. అందరూ ల్యాప్‌టాప్‌లు మూసి భోజనానికి వెళ్లారు. నాకు మాత్రం ఇంటికెళ్లాక ఏడుపొచ్చింది. మూడు నెలలు తప్పు దారిలో తిరిగే స్వేచ్ఛ పోయింది, ఆ మాట నిజం. కానీ ఇక్కడ నా కోడ్‌లో తప్పుంటే మర్నాటికల్లా ఎవరో పట్టుకుంటారు. ల్యాబులో అదే తప్పు రెండేళ్లు నాతోపాటే కాపురం చేసింది.

ఇంటర్వ్యూలో నా పేపర్ల జాబితా ఎవరూ తిప్పి చూడలేదు. పదకొండు పేజీల సీవీని రెండు పేజీలు చేసింది వృథా కాలేదన్నమాట. "పని జరగట్లేదని ఎప్పుడు తెలిసింది, అప్పుడేం చేశావు?" అని అడిగారు. థీసిస్‌లో అస్సలు పనిచేయని నాలుగో అధ్యాయం గురించి చెప్పాను. ఉద్యోగం తెచ్చిపెట్టింది అదే.

మొండిఘటం గారు చెప్పిన గాసెట్ సంగతి మాత్రం కొట్టిపారేయకండి. సంతకానికి ముందే, పేపర్లు వేయనిస్తారా, ఎవరి అనుమతి కావాలి అని అడగండి. నేను అడగలేదు.

రెండో పోస్ట్‌డాక్:
అందరికీ థాంక్స్. అడిగాను. లీగల్ వాళ్లు చూశాక, మందు పేరు బయటపడకుండా వేసుకోవచ్చట. రాతలో కూడా ఇచ్చారు.

రివ్యూ నిన్న రాత్రి వచ్చింది. మేజర్ రివిజన్, అంటే చాలా మార్చి మళ్లీ పంపాలి; మూడో రివ్యూయర్ కొత్త ప్రయోగాలు అడిగాడు. ఎలా చూసినా ఆర్నెల్లు. పొద్దున లెటర్ మీద సంతకం పెట్టి గైడు దగ్గరికెళ్లాను. ఆయన ముందుగా అడిగింది, "ఆ రివిజన్ ఎవరు చేస్తారు?" అని. అవతలి కుర్చీ గారూ, మీరు గుర్తొచ్చి నవ్వాపుకోలేకపోయాను. ఆయనకి అర్థం కాలేదు.

పేర్ల వరస రేపు ఈమెయిల్ పెడతానన్నారు. ఫ్రీజర్లో మూడు పెట్టెలున్నాయి, లేబుళ్లు రాయడం మొదలుపెట్టాను.