‘చిల్ అవ్వు’ అనడం ఓదార్పా, నోరు మూయించడమా?

వానచినుకు:
మొన్న రాత్రి పదకొండు దాటాక ఒక స్నేహితురాలికి పెద్ద మెసేజ్ పెట్టాను. తెల్లారితే ఇంటర్వ్యూ, పోయినసారి అక్కడే నోరు పెగల్లేదు, ఈసారీ అలాగే అవుతుందేమోనని నిద్ర పట్టడం లేదు, ఇదంతా రాశాను. ‘టైపింగ్’ అని కనబడింది, పోయింది, మళ్ళీ కనబడింది. చివరికి వచ్చింది ఒకే ఒక్క మాట, ‘చిల్’. పక్కన మంచు రేకు బొమ్మ ఒకటి. ఫోన్ బోర్లా పెట్టేశాను. ఆ అమ్మాయి చెడ్డది కాదు, నన్ను తీసిపారెయ్యాలని అనలేదనీ తెలుసు. కానీ ఆ మాట తర్వాత ఇంకేం చెప్పాలన్నా నాకు నోరు రాలేదు. నా వాదన ఇది: ‘చిల్‌గా ఉన్నాను’, ‘ఆదివారం చిల్ అవుదాం’ అనుకోవడంలో ఏ తప్పూ లేదు, కంగారులో ఉన్న మనిషితో ‘చిల్ అవ్వు’ అనడం మాత్రం తలుపు వేసేయడమే. మీరేమంటారు?

తీరిగ్గా_చదువుతా:
పదానికి ఇంత బరువెందుకండీ? స్నేహితుల మధ్య అది చనువు. ‘చిల్ రా’ అంటే ‘నీకేం కాదు, నేనున్నాను’ అనే. మన భాషలో మాత్రం లేదా? ‘ఊరుకో’, ‘శాంతించు’, ‘కంగారుపడకు’ ఇవన్నీ ఆజ్ఞలే కదా. ఇంగ్లీషు మాట కాబట్టి గుచ్చుకుంటోంది, అంతే.

పదాల_వెంట:
ఇంగ్లీషులో కూడా ఈ మాట మొదట్నుంచీ తియ్యనిది కాదు. కోల్డ్, కూల్, చిల్ మూడూ ఒకే వేరు నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు. చిల్ అంటే చాలాకాలం ఒంటికి పట్టే చలి, వెన్నులో పాకే భయం. ఇప్పటికీ ‘చిల్లింగ్’ అంటే ఒళ్ళు జలదరించేది అనే. కోర్టు భాషలో ‘చిల్లింగ్ ఎఫెక్ట్’ అంటే శిక్ష పడుతుందేమోనన్న భయంతో జనం మాట్లాడటమే మానేయడం. 1965లో అమెరికా సుప్రీంకోర్టు లామాంట్ కేసు తర్వాత ఆ మాట న్యాయశాస్త్రంలో బాగా పాతుకుపోయింది. నిమ్మళంగా ఉండటం, సరదాగా కాలక్షేపం చెయ్యడం అనే అర్థాలు ఆ మాటకు చాలా ఆలస్యంగా, అమెరికా వాడుక భాషలోంచి వచ్చి చేరాయి. మన ‘చలి’తో శబ్దం కలిసినా చుట్టరికం లేదు, చలి ద్రావిడ మాట, కన్నడంలోనూ ‘చళి’ ఉంది. పైగా తెలుగులో చల్లదనం ఎక్కువగా మంచికే. ‘చల్లగా ఉండు’ అన్నది దీవెన, ‘చల్లని మనసు’ అన్నది మెచ్చుకోలు. అందుకే ‘చిల్’ వినగానే మనకు ఆ మంచి అర్థమే ముందు తడుతుందనుకుంటాను.

రాత్రి_డ్యూటీ:
నేను నర్సుని. మా దగ్గర ‘చిల్స్’ అంటే జ్వరం ఎక్కే ముందు వచ్చే వణుకు. విచిత్రం ఏంటంటే అప్పుడు ఒంట్లో వేడి పెరుగుతూ ఉంటుంది. మెదడు ఒంటి వేడిని ఇంకాస్త పైకి సెట్ చేస్తుంది, అక్కడికి చేరడానికి చర్మంలో రక్తనాళాలు బిగుసుకుంటాయి, కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి, మనిషికి మాత్రం చలేస్తున్నట్టే ఉంటుంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్న మనిషితో ‘వణకకు’ అంటే ఆగుతుందా? కంగారు కూడా అలాంటిదే అనిపిస్తుంది నాకు, అడిగితే ఆగేది కాదు.

చిల్లర్_మెకానిక్:
నా పనే చిల్లర్ల మీద, అందుకని ఒక మాట. పెద్ద భవనాల ఏసీకి నీళ్ళు చల్లబరిచే యంత్రాన్ని చిల్లర్ అంటాం. మామూలుగా నీళ్ళు ఏడు డిగ్రీల దగ్గర బయటికి వెళ్ళి, గదుల్లో వేడి తీసుకుని పన్నెండు డిగ్రీల దగ్గర తిరిగొస్తాయి. చాలామంది అది చల్లదనాన్ని తయారుచేస్తుందనుకుంటారు, కాదు. నీళ్ళలోంచి వేడిని లాగి బయట పారేస్తుంది. ఆ వేడి బయటికి పోయే దారి మూసుకుపోతే, వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కి మట్టి పట్టినా సరే, ప్రెషర్ పెరిగి మెషిన్ ట్రిప్ అయిపోతుంది. సెట్టింగ్ ఎంత తగ్గించినా లాభం లేదు. వానచినుకు గారు ఆ రాత్రి రాసిన పెద్ద మెసేజే ఆ దారి అనుకుంటున్నాను.

తీరిగ్గా_చదువుతా:
బాగుంది, కానీ ‘ఊరుకో’ సంగతి ఎవరూ చెప్పలేదు. అది ఆజ్ఞా కాదా?

వానచినుకు:
ఆజ్ఞే, కాదనను. కోపంగా అంటే నోరు మూయమనే అర్థం కూడా వస్తుంది. కానీ ఓదార్చేటప్పుడు మనం ఉత్త ‘ఊరుకో’ అనం, ‘ఊరుకో తల్లీ’, ‘ఊరుకో నాన్నా’ అంటూ వీపు నిమురుతాం, రెండు మూడు సార్లు అంటాం, అనేవాళ్ళు పక్కనే కూర్చుంటారు. మీ ‘చిల్ రా’లో ఆ ‘రా’ కొంత ఆ పని చేస్తుంది, ఒప్పుకుంటాను. నాకు వచ్చిన మెసేజ్‌లో అదీ లేదు.

ఇంకోటి, చాలాసేపు ఆలోచించాక తట్టింది. తెలుగులో ‘చల్లారు’ వేరు, ‘చల్లార్చు’ వేరు. పాలు వాటంతట అవే చల్లారతాయి, టైం పడుతుంది. తొందరుంటే ఎవరో ఒకరు రెండు గ్లాసుల మధ్య తిరగపోసి చల్లారుస్తారు. పాలనే చల్లారమని ఎవరూ చెప్పరు. ‘చిల్ అవ్వు’లో పని మొత్తం మరుగుతున్నవాళ్ళ మీదే పడుతుంది, అన్నవాళ్ళకు ఏమీ మిగలదు. నా అభ్యంతరం అక్కడే, ఇంగ్లీషు అయినందుకు కాదు.

తీరిగ్గా_చదువుతా:
సరే, ఇది ఆలోచించాల్సిందే. మరి ఆ రాత్రి మీకు ఏమని రావాల్సింది?

వానచినుకు:
‘పోయినసారి ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయావు?’ అని అడిగి ఉంటే చాలు. చెప్పడానికి నా దగ్గర జవాబు ఉంది.